పూర్వీకుల పక్కన నిలబడ్డవాళ్ళు

తెలుగు పాఠకుల్లో చాలామందికి మొదట పరిచయమైన అమెరికన్ పూర్వీకుడు కుంటా కింటే. అలెక్స్ హేలీ 1976లో తెచ్చిన 'రూట్స్'ని సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం హాస్టల్ గదుల్లో, యూనియన్ ఆఫీసుల్లో, ఊరి లైబ్రరీల్లో చేతులు మారుతూ తిరిగింది. గాంబియాలోని జుఫూరే గ్రామం, 1767లో అన్నాపొలిస్ రేవుకి చేరిన ఓడ, వర్జీనియా తోటలు, కోడిపందేల జార్జి, వీళ్ళందర్నీ మనవాళ్ళ కథలాగే చదువుకున్నాం. అప్పటికి అమెరికా వెళ్ళినవాళ్ళు మన వీధిలో ఒక్కరు కూడా లేరు. అయినా ఒక అమెరికన్ కుటుంబం ఏడు తరాల వెనక్కి నడుచుకుంటూ పోతే వెంట మనమూ నడిచాం.

ఆ పుస్తకం మీద తర్వాత లేచిన రగడ మాత్రం మనదాకా పెద్దగా రాలేదు. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత తన నవల్లో భాగాలు ఎత్తుకున్నారని దావా వేస్తే, 1978లో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడ్డాడు. వంశచరిత్రల పరిశోధకులు వర్జీనియా రికార్డులు తిరగేసి, హేలీ ఎవరినైతే కుంటా కింటే అన్నాడో ఆ 'టోబీ' అనే బానిస 1767కి ముందునుంచే వాలర్ కుటుంబం కాగితాల్లో ఉన్నాడని చూపించారు. అంటే ఆ ఓడలో వచ్చినవాడూ ఈ టోబీ ఒకడే కావడానికి వీల్లేదు. జుఫూరేలో హేలీకి వంశం చదివి వినిపించిన ముసలాయన, వచ్చిన అతిథి ఏం వినాలని వచ్చాడో ముందే తెలుసుకుని చెప్పాడన్న అనుమానం కూడా వచ్చింది.

సరే, కుంటా కింటే హేలీకి రక్తసంబంధం కాదనే అనుకుందాం. అప్పుడు ఆ పుస్తకం మనకి ఇచ్చిందేమైనా వెనక్కి పోతుందా? మనకైతే అతను మొదట్నుంచీ ఏమీ కాడు కదా. ఏమీ కానివాడి కోసం కళ్ళు తుడుచుకున్నవాళ్ళం మనం. ఈ సంగతి పట్టుకుని కొంచెం దూరం వెళ్ళాలనిపిస్తోంది. పూర్వీకుణ్ణి వెతకడం అంటే అసలు ఏం వెతకడం? దొరికాక అతనితో ఏం చెయ్యాలి? గర్వపడాలా, సిగ్గుపడాలా, ఫోటో కట్టించి గోడకి తగిలించాలా?

అమెరికాలో పూర్వీకుల వేట ఒక పెద్ద వ్యాపకం. పాత జనగణన పట్టీలు, ఓడల జాబితాలు, చర్చి రిజిస్టర్లు, సమాధుల ఫోటోలు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఉమ్మి ఊసిన గొట్టం పోస్టులో పంపితే డీఎన్ఏ లెక్క కట్టి తిరిగి పంపుతారు. ఇందులో జనగణన పట్టీల కథ మనం తెలుసుకోవాల్సింది. 1850లో మొదటిసారి అమెరికా జనగణనలో ఇంట్లో ఉన్న ప్రతి స్వతంత్ర మనిషి పేరూ రాశారు. అంతకుముందు ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసి, మిగతావాళ్ళని అంకెలుగా వేసేవాళ్ళు. 1850లో, 1860లో బానిసలకి వేరే పట్టీ పెట్టారు. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద ఒక్కొక్క వరసలో వయసు, ఆడో మగో, రంగు. పేరు గడి దాదాపు ఎప్పుడూ ఖాళీ. బానిసత్వం పోయాక, 1870 జనగణనలో గానీ ఆ మనుషులకి ఇంటిపేరుతో సహా పేర్లు రాలేదు. నల్లజాతి కుటుంబాలు తమ పూర్వీకుల్ని వెతుక్కుంటూ పోతే 1870 దగ్గర ఆగిపోతారు. వాళ్ళు దాన్ని గోడ అంటారు.

ఆ గోడ దాటాలంటే ఒక్కటే దారి. తమ వాళ్ళని కొన్నవాడి కాగితాలు చదవాలి. వాడి వీలునామా, వాడి ఆస్తి పంపకం, వాడి అప్పుల జాబితా. 'ఒక ఆడమనిషి, 34 ఏళ్ళు' అన్న వరస మా అమ్మమ్మ అమ్మమ్మే అయుండాలి అని ఊహించుకోవాలి. తెల్లవాడి వంశవృక్షం బాగా దొరుకుతుంది గనకనే దాని కొమ్మల మధ్య నల్లవాళ్ళు తమవాళ్ళని వెతుక్కోగలుగుతున్నారు. ఒకే కాగితం ఒకరికి వారసత్వం, ఇంకొకరికి నేరం జరిగిందనడానికి సాక్ష్యం.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల కింద, ఘటిక సిద్ధేశ్వరానికి వెళ్ళే దారిలో సీతారామపురం ఉంది. మెట్ట ప్రాంతం. వాన పడితే పంట, లేకపోతే బెంగుళూరో మద్రాసో. అక్కడ ఎవరినైనా మీ ముత్తాత తండ్రి పేరేంటని అడిగి చూడండి. శ్రాద్ధాలు పెట్టే ఇళ్ళల్లో మూడు తరాల పేర్లు గడగడా చెప్తారు, ఎందుకంటే తంతులో పలకాల్సింది మూడే. నాలుగోతరం ఆ మంత్రంలోంచి జారిపోతుంది. భూమి ఉన్న ఇళ్ళల్లో పాత దస్తావేజుల్లో ఇంకో రెండు పేర్లు దొరకొచ్చు. భూమీ లేక తంతూ లేకపోతే, జేజి చెప్పిందే చరిత్ర. జేజి పోయిందంటే ఒక తరం పోయినట్టు.

బ్రిటిష్ వాళ్ళు 1871 నుంచి మనల్నీ లెక్కపెట్టారు. కానీ అచ్చయి మిగిలినవి పేర్లు కావు, కులాలవారీ అంకెలు. ఫలానా తాలూకాలో మాదిగలు ఇంతమంది, మాలలు ఇంతమంది, అంతే. అమెరికాలో బానిసలకి పేరు పోయినా వయసు మిగిలింది. మనకి అది కూడా లేదు.

కాగితం లేనంత మాత్రాన వంశం గుర్తు పెట్టుకునే ఏర్పాటు లేదని కాదు. తెలుగు దేశంలో అదొక వృత్తి. రెడ్లకీ కాపులకీ గోత్రాలూ ఇంటిపేర్లూ చదవడానికి పిచ్చుగుంట్లవాళ్ళు ఉన్నారు. మాదిగలకి డక్కలివాళ్ళు. బొమ్మల పటం విప్పి, జాంబవంతుడి దగ్గర్నుంచి మొదలుపెట్టి కులం పుట్టుక చెప్పుకుంటూ వస్తారు. వెయ్యేళ్ళ ప్రపంచాన్ని నోట్లో మోసే మనుషులు వాళ్ళు. అయితే ఊరు మాదిగల్ని దూరం పెడితే, మాదిగలు డక్కలివాళ్ళని ఇంట్లోకి రానివ్వకుండా దూరం పెట్టారు. ఇంకొకరి పుట్టుకని అంత వైభవంగా పాడేవాడి సొంత తాతల పేర్లు పాడటానికి ఎవరున్నారు? అణగారినవాళ్ళ వంశవృక్షం కింద కూడా ఇంకొకరు నేల మీద కూర్చుని ఉన్నారు. ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా కొంచెం వినయంగా మాట్లాడుకోవచ్చు.

ఈ కాగితం లేని నేలలోకి పంతొమ్మిదో శతాబ్దంలో కాగితం నిండా ఉన్న కొందరు అమెరికన్లు వచ్చారు. శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ 1840లో నెల్లూరులో దిగాడు. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చాడు. పదేళ్ళూ పదిహేనేళ్ళూ గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదని బోస్టన్‌లోని పెద్దలు నెల్లూరు దుకాణం కట్టేద్దామనుకున్నారు. పటం మీద వరసగా గుచ్చిన తమ మిషన్లలో ఇది ఒంటరి చుక్క అని ఒకరన్న మాటకి 1853లో పద్యం పుట్టి, ఆ పద్యం బలంతో మిషన్ బతికింది. 1885లో ఉదయగిరికీ, 1893లో ఆత్మకూరుకీ ఆ మిషన్ స్టేషన్లు చేరాయి. ఈ వైపు పల్లెల్లో అమెరికన్ అంటే చాలాకాలం దొర, దొరసాని అనే అర్థం.

వీళ్ళ కథల్లో అందరూ చెప్పుకునేది 1854 జనవరి 1 తెల్లవారుజాము. ఒంగోలు పక్కన గుట్టమీద ఐదుగురు మోకరించి ప్రార్థన చేశారట. జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, నర్సు, జూలియా, రూతు. ఆ గుట్టని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఐదుగురిలో జ్యూయెట్‌ని మనం వెతకొచ్చు. 1813లో మెయిన్ రాష్ట్రంలోని వాటర్‌ఫర్డ్‌లో పుట్టాడు. బ్రౌన్ యూనివర్సిటీలో చదివాడు. 1897లో పోయాడు. జ్యూయెట్ అన్న ఇంటిపేరువాళ్ళ వంశచరిత్ర 1908లోనే రెండు లావుపాటి సంపుటాలుగా అచ్చయింది, పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి మసాచుసెట్స్ వెళ్ళిన అన్నదమ్ముల దాకా. మరి నర్సుని? జూలియాని? రూతుని? ఆ కథ చెప్పే పుస్తకాల్లో వాళ్ళు ఒంటి పేర్లతోనే నిలబడి ఉంటారు. ఆ జూలియా, రూతు అనేవి కూడా పుట్టినప్పుడు అమ్మ పెట్టిన పేర్లేనా?

ఒకే కొండ, ఒకే తెల్లవారుజాము, ఒకే ప్రార్థన. ఒకరికి రెండు సంపుటాలు, ఇంకొకరికి రెండక్షరాలు.

ఆ తర్వాత వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలువైపు ఇప్పటికీ క్లౌ దొర అంటారు. ఒక అమెరికన్ తన పూర్వీకుడు ఈయనేనని తెలుసుకుని వెతకడం మొదలుపెట్టాడనుకోండి. ఏం దొరుకుతుంది? 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టుక. కుటుంబం పడమటికి, అయోవాకి, వలస. కుర్రతనంలో మినెసోటా భూముల్లో సర్వే బృందంతో కలిసి గొలుసు పట్టి కొలతలు వేయడం. లాయరో రాజకీయ నాయకుడో అవుదామనుకుని మనసు మార్చుకుని, హ్యారియెట్ సండర్‌లండ్‌ని పెళ్ళాడి, 1864 చివర్లో ఓడెక్కడం. 1866లో ఒంగోలులో కాపురం. 1910లో రాచెస్టర్‌లో మరణం. వారసుడు సంతోషపడే జీవితమే.

ఇక్కడ ఆ వారసుడు నిజాయితీపరుడైతే గొలుసు దగ్గర ఒక నిమిషం ఆగుతాడు. ఆ మినెసోటా భూమి ఎవరిది? 1851లో జరిగిన ఒప్పందాల్లో డకోటా ప్రజల చేతుల్లోంచి జారిన భూమి. సర్వే గొలుసు తగిలిన చోటల్లా అది గజాలుగా, ఎకరాలుగా, అమ్మకానికి పెట్టే చెక్కలుగా మారింది. ఇస్తామన్న డబ్బులు రాక, తిండి లేక డకోటాలు తిరగబడితే, 1862 డిసెంబరు 26న మంకేటోలో 38 మందిని ఒకే వేదిక మీద ఉరితీశారు. క్లౌ ఆ ఉరితాడు పట్టుకోలేదు. కొలత గొలుసు పట్టుకున్నాడు, అదీ కూలికి, చిన్న వయసులో. ఆ పనిలో అతని తప్పెంత? నాకైతే ఒక శాతంలో చెప్పడం రాదు. కానీ ఆ గొలుసు లేకుండా అతని కథ చెప్పడం కుదరదు.

ఎందుకంటే ఆ కొలతల చదువే తర్వాత ఇక్కడ పనికొచ్చింది. 1876లో వానలు పోయాయి. మనవాళ్ళు ధాత కరువు అని తలుచుకునే కరువు అదే. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్కని క్లౌ కాంట్రాక్టుకి తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కాబట్టి తీసుకోగలిగాడు. పల్లెల నుంచి ఎముకలగూళ్ళలా నడిచొచ్చినవాళ్ళకి పారా, తట్టా ఇచ్చి, కూలి ఇచ్చాడు. పనికి వచ్చినవాళ్ళని అజమాయిషీ చేసింది తెలుగు బోధకులు. కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం మతం మారారన్న మాట పడకూడదని. అది తగ్గాక 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2222 మందికి బాప్తిస్మం అయింది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులవారీగా నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

2222. చరిత్ర పుస్తకాల్లో ఈ అంకె ఎక్కడికి వెళ్ళినా కనపడుతుంది. అంకె అందంగా ఉంది కూడా. కానీ అది 2222 మంది ముత్తాతలు, ముత్తవ్వలు. వాళ్ళలో ఎవరు పిల్లల్ని కాలువ గట్టున పోగొట్టుకుని వచ్చారో, ఎవరు తోలు పని మానేయాలనుకుని వచ్చారో, ఎవరు ఊళ్ళో పెద్దకాపుని ఎదిరించి వచ్చారో, ఎవరు పక్కింటివాళ్ళు వచ్చారు కాబట్టి వచ్చారో ఆ అంకె చెప్పదు. క్లౌ వారసుడికి ఆ రోజు కుటుంబంలో పెద్ద రోజు. ఆ నీళ్ళలో మునిగి లేచినవాళ్ళ వారసులకీ పెద్ద రోజే, కాకపోతే అది ఎవరి రోజో పేరు పెట్టి చెప్పలేరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. తాతలు చేసిన పనికి నాకేంటి సంబంధం? నేను బానిసల్ని కొనలేదు, డకోటాలని తరమలేదు, మాదిగవాడలోకి నీళ్ళు రాకుండా ఆపలేదు. తత్వవేత్త అలస్డైర్ మెకింటైర్ 1981లో 'ఆఫ్టర్ వర్చ్యూ'లో సరిగ్గా ఈ మాట అనే అమెరికన్ గురించి రాశాడు. ఆయన వాదన సుమారుగా ఇది: నేను ఒక కుటుంబంలో, ఒక ఊళ్ళో, ఒక జాతిలో పుట్టి, వాళ్ళ అప్పుల్నీ ఆశల్నీ అందుకుంటాను. అక్కడినుంచే నా నైతిక జీవితం మొదలవుతుంది. ఆ కథని కోసేసుకుంటే నేనెవరో చెప్పడమే కష్టం.

దీన్ని ఇంకొంచెం ఇంటి భాషలో చెప్పుకోవచ్చు. తాత సంపాదించిన పొలం నాది అంటాం. తాత చేసిన బాకీ మాత్రం నాది కాదంటాం. ఊళ్ళో ఇలా మాట్లాడేవాణ్ణి ఏమంటారో అందరికీ తెలుసు. పూర్వీకుడి మీద గర్వపడే హక్కు కావాలంటే సిగ్గుపడే పూచీ కూడా తీసుకోవాలి. రెండూ వద్దనుకుంటే ఆ వెతుకులాటే వద్దు, అది కూడా మర్యాదైన దారే. గర్వం మాత్రమే ఏరుకుని మిగతాది పారేసే వంశచరిత్రకీ పెళ్ళి సంబంధాల బయోడేటాకీ పెద్ద తేడా లేదు.

అయితే సిగ్గుతో పని అయిపోతుందని కూడా నేననుకోను. సిగ్గు కూడా తిరిగి తిరిగి మనచుట్టే తిరుగుతుంది, మా తాత, మా పాపం, మా బాధ అంటూ. వంశవృక్షాన్ని కిందనుంచి పైకి నిలువుగా చదివితే చివరికి గర్వమో సిగ్గో మిగులుతుంది. అడ్డంగా చదివితే ఇంకొకటి దొరుకుతుంది. మా తాత పక్కన ఆ రోజు ఎవరు నిలబడి ఉన్నారు? వాళ్ళ పేర్లేంటి? ఆ కొండమీద, ఆ కాలువ గట్టున, ఆ సర్వే గొలుసు రెండో కొసన?

అడ్డంగా చదివితే క్లౌ కథలో మొదట కనిపించే మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద తిరిగినవాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే, తనంతట తాను దారి వెతుక్కుంటూ బయల్దేరినవాడు. అతనికి అంతకుముందే ఒక గురువుంది. బండికట్ల వీరమ్మ అనే స్త్రీ, పోతులూరి వీరబ్రహ్మం పరంపరలో రాజయోగం నేర్పిన మనిషి. మాదిగ మనిషి ఒకడు కళ్ళు మూసుకుని కూర్చుని ధ్యానం చేస్తూ, ఒక ఆడమనిషి దగ్గర ఉపదేశం తీసుకుని, కులం లేని దేవుడి కోసం ఏళ్ళ తరబడి తపించాడు. అమెరికన్ వచ్చి చీకట్లో దీపం వెలిగించాడన్న కథ ఇక్కడ పూర్తిగా నిలవదు. పేరయ్య చేతిలో అప్పటికే ఒక దీపం ఉంది. ఒంగోలు ప్రాంతంలో అంతమంది మాదిగలు కదలడానికి దొర ఎంత కారణమో, పేరయ్య అంత కారణం. వీరమ్మ కూడా.

అంటే పేరయ్యకి రక్తంలో లేని పూర్వీకురాలు ఒకామె ఉంది. మనకిది కొత్తేమీ కాదు. గురుపరంపర అన్నమాట మనదే. తండ్రి పేరు చెప్పకుండా గురువు పేరు చెప్పుకుని బతికిన సాధువులు ఎంతమంది లేరు. పూర్వీకులంటే పుట్టించినవాళ్ళు మాత్రమే కాదు, మనల్ని ఇలా కావడానికి కారణమైనవాళ్ళు కూడా. మా వైపు క్రైస్తవ ఇళ్ళల్లో పిల్లలకి అమెరికన్ దొరల పేర్లు పెట్టుకోవడం కనిపిస్తుంది. దాన్ని బానిసబుద్ధి అని తీసిపారేసేవాళ్ళున్నారు. బడి చెప్పినవాడి పేరు పెట్టుకోవడంలో నాకు బానిసత్వం కనపడదు. కాకపోతే పేరయ్య పేరు, వీరమ్మ పేరు ఎంతమంది పెట్టుకున్నారని అడగాలనిపిస్తుంది.

పేరయ్య, వీరమ్మల సంగతి మనకి తెలిసింది కూడా ఒక అమెరికన్ వల్లే. క్లౌ మొదటి భార్య పోయాక 1894లో పెళ్ళాడిన ఎమ్మా రౌషెన్‌బుష్. మిషన్ టీచరుగా వచ్చి, తర్వాత యూరప్ వెళ్ళి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన మనిషి. ఒంగోలు మాదిగ బోధకులు చెప్పిన జ్ఞాపకాల్నీ, మాతంగి, అరుంధతి కథల్నీ, రాజయోగ గురువుల సంగతుల్నీ కూర్చి 1899లో ఒక పుస్తకం వేసింది. 'చెప్పులు కుడుతూ' అని దాని పేరుకి అర్థం. క్లౌ పోయాక 1914లో వచ్చిన ఆయన ఆత్మకథ కూడా ఆమె రాసి పెట్టిందే. ఆమె చూపులో ఆ కాలపు మిషన్ పెత్తనం లేదని అనలేం. కానీ అడగాల్సినవాళ్ళని అడిగింది, చెప్పినవాళ్ళ పేర్లు రాసింది.

ఈ ఎమ్మా వంశవృక్షంలో ఇంకో కొమ్మ ఉంది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్, పేదల పక్షాన క్రైస్తవాన్ని వ్యాఖ్యానించిన పేరున్న పాస్టర్. వాల్టర్ కూతురి కొడుకు రిచర్డ్ రోర్టీ, ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ తత్వవేత్తల్లో పెద్దవాడు, దేవుణ్ణి నమ్మనివాడు. 1989లో వచ్చిన 'కంటింజెన్సీ, ఐరనీ అండ్ సాలిడారిటీ'లో ఆయన చెప్పిన మాట మన చర్చకి సరిగ్గా సరిపోతుంది. మనుషుల మధ్య సంఘీభావం అనేది లోపలెక్కడో పాతిపెట్టి ఉంటే తవ్వి తీసేది కాదు. తయారు చేసుకోవాల్సింది. 'వాళ్ళు' అనుకున్నవాళ్ళ బాధ వివరంగా తెలిసేకొద్దీ 'మనం' అన్న మాట పెద్దదవుతుంది. ఆ పని చేసేది సిద్ధాంతాలు కాదు, నవలలు, జనజీవితం మీద రాసిన పుస్తకాలు, విలేఖరి రాతలు.

తాతగారి అక్క ఒంగోలు మాదిగల కథలు రాసుకోవడానికీ మనవడు ఈ మాట అనడానికీ లింకు పెట్టాలని నాకు లేదు. అలా పెడితే మళ్ళీ రక్తం దగ్గరికే వచ్చి ఆగుతాం. రోర్టీ మాట నిజమైతే రక్తం అవసరమే లేదు. కుంటా కింటే మనకి ఏమీ కాకపోయినా మనవాడయ్యాడు. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో రూతు తలుచుకుంటూ చెప్పే ఎల్లన్న, శివయ్య కూడా అలాగే మనవాళ్ళయ్యారు. ఆ నవల్లో కరువు ఉంది, బకింగ్‌హామ్ కాలువ ఉంది, ఆకలితో నడిచి నడిచి ఆ గట్టు చేరి క్రైస్తవుడైన మాదిగో మాలో కాదు, పేరున్న ఒక మనిషి ఉన్నాడు. 2222 అన్న అంకె వదిలేసిన ఖాళీని ఒక నవల పూరించింది. న్యూయార్క్‌లో ఉండి సుజాత గిడ్ల 2017లో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' నవల కాకుండానే అదే పని చేసింది, కాగితం లేని తాతల్ని జేజెమ్మల నోటి నుంచి, మేనమామల జ్ఞాపకాల నుంచి పట్టుకుని.

కానీ నవల చదివి కళ్ళు తుడుచుకుంటే లెక్క తేలదు. వెతకడం అందరికీ ఒకే రకమైన పని కాదు మన దేశంలో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకి పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల్లోంచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళూ, వాళ్ళ సంతానమూ బీసీ-సి కిందికి వస్తారు. దానికున్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఊరు వాణ్ణి చూసే చూపు మాత్రం చర్చికెళ్ళినా మారదు. గ్లాసు వేరుగా పెట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి పెట్టడు.

కాబట్టి మసాచుసెట్స్‌లో ఒకామె తన పూర్వీకుడి పేరు కోసం పాత నెల్లూరు రిజిస్టరు వెతికితే అది ఆదివారం వ్యాపకం. అదే రిజిస్టర్లో తన ముత్తాత తండ్రి పేరు కోసం ఉదయగిరి వైపు మాదిగ కుర్రాడు వెతికితే, దొరికిన పేరు అతని కుల ధ్రువీకరణ పత్రానికి ఎదురు సాక్ష్యం కావచ్చు. ఆమెకి దొరికితే ఫ్రేము కట్టిస్తుంది. అతనికి దొరికితే పుస్తకం మూసేసి ఎవరికీ చెప్పడు. తాత పేరు తెలిసీ పైకి చెప్పుకోలేకపోవడం, అసలు తెలియకపోవడం కన్నా కష్టం. పూర్వీకుల్ని వెతుక్కునే హక్కు గురించి మాట్లాడేటప్పుడు మనం మాట్లాడాల్సింది ముందు ఈ కుర్రాడి గురించి.

మిషన్ల పాత ఉత్తరాలు, నివేదికలు చాలావరకు ఇప్పుడు అట్లాంటాలో, అమెరికన్ బాప్టిస్టుల చరిత్ర సంఘం దగ్గర ఉన్నాయి. అట్లాంటాలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. దొరల వారసులు ఆ పెట్టెలు తెరిచి తమ తాతల ఉత్తరాలు చదువుకుంటున్నారు, మంచిదే. ఆ ఉత్తరాల్లో మధ్యమధ్య వచ్చే తెలుగు పేర్లు కూడా ఎవరో ఒకరు వరసగా రాసి పెడితే బాగుండు. వంటమనిషి పేరు, బండి తోలినవాడి పేరు, బడి పంతులమ్మ పేరు, ఊరు, ఇంటిపేరు. వాళ్ళ పిల్లలు అడిగితే ఇవ్వడానికి, అడగకపోతే ఊరుకోవడానికి. నాకు తెలిసినంతలో పూర్వీకుడికి చేయగలిగిన న్యాయమైన తద్దినం అలాంటిదే.

ఇంకో నూటయాభై ఏళ్ళకి మనమే ఎవరికో అమెరికన్ పూర్వీకులం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు రాని ముని మనవరాలు ఒకతె కూర్చుని మన గురించి వెతుకుతుంది. మనం కాగితం నిండా దొరుకుతాం: వీసా అప్లికేషన్లు, జీతం స్లిప్పులు, ఇంటి దస్తావేజులు, పౌరసత్వ ప్రమాణం తేదీ. మనం కూడా జ్యూయెట్ల వైపే ఉంటాం ఆ కథలో. మన పక్కన నిలబడ్డవాళ్ళు ఎవరో ఆమెకి దొరుకుతారా? మన ఇల్లు కట్టి, మన గడ్డి కోసి, ఏ కాగితమూ లేకుండా బతికిన మెక్సికో మనిషి పేరు?

పోనీ అంత దూరం వద్దు. పురుడు పోయడానికి సీతారామపురం నుంచి వచ్చిన అమ్మ ఉంది. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు ఉండి, మంచులో చెప్పుల్లేకుండా తిరగొద్దని కోప్పడి, బిడ్డకి నలుగు పెట్టి, ఉగ్గు పట్టి, గడువు అయిపోగానే ఊరు వెళ్ళి, రెండోవాడు పుట్టినప్పుడు మళ్ళీ వచ్చిన మనిషి. ఆ పిల్లల్ని పెంచింది ఆమె. ఆ దేశం రికార్డుల్లో ఆమెకి మిగిలేది వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ. మిగతాది ఎవరైనా ఇప్పుడే రాసి పెట్టాలి.